ప్రోగ్రాము భాష మారిన పని వెల మారునా?

క్రిందటి సంవత్సరము మా పాఠశాలలో జరిగిన తల్లిదండ్రుల సమావేశమున ఒక తల్లి లేచి అడిగిన ప్రశ్నయే ఈ వ్యాసమునకు మూలము. ఆమె భర్త హోసూరు పారిశ్రామికవాడలో పనిచేయుచున్నారు. కుమారుడు పదునొకండవ తరగతి చదువుచున్నాడు. ఆమె ఇట్లనిరి: "అయ్యవారూ, మావాడికి బళ్ళో ఒక కంప్యూటరు భాష చెప్తున్నారు. బయట కోర్సువాళ్ళు ఇంకో భాష వస్తేనే ఉద్యోగమంటున్నారు. దానికి నలభై వేలంట. నా గాజులు కుదువ పెట్టి కడదామనుకుంటున్నాం. ఏ భాష మంచిదో మీరే చెప్పండి."

ఆనాడు మేము తోచిన సమాధానమేదో చెప్పితిమి. అది మాకే తృప్తి కలిగింపలేదు. భాష యను మాట మన వంటివారికి చిన్న మాట కాదు. ఇంట తెలుగు, వీథిలో తమిళము, అత్తిబెలె దాటినంతనే కన్నడము, కార్యాలయములలో ఇంగ్లీషు, ఇన్నిటి నడుమ బ్రతుకుచున్న మనకు "ఏ భాష?" యను ప్రశ్న వినబడినప్పుడెల్ల మనస్సు కలతపడుట సహజము. కావున ఈ సంచికలో ఆ ప్రశ్నను రెండుగా విడదీసి పరిశీలింపదలచితిమి. ప్రోగ్రాము వ్రాయు భాష మారినచో పనికి పట్టు కాలమును, ఖర్చును నిజముగా మారునా? మారినచో, మన పిల్లల చదువును గూర్చి మనమేమి నిశ్చయించుకొనవలెను?

1. ప్రోగ్రాము భాష యనగా నేమి?

కంప్యూటరునకు స్వయముగా తెలిసిన పనులు కొద్ది మాత్రమే: రెండు సంఖ్యలను కూడుట, ఒక సంఖ్యను ఒకచోటి నుండి వేరొకచోటికి తరలించుట, రెంటిలో ఏది పెద్దదో పోల్చుట, ఆ పోలికను బట్టి తరువాతి ఆజ్ఞను ఎన్నుకొనుట మొదలగునవి. ఈ ఆజ్ఞలు దానికి అంకెల రూపముననే అందవలెను. దీనిని యంత్రభాష యందురు. మన వర్కుషాపులలో సి.ఎన్.సి. లేతుల వద్ద పనిచేయు తండ్రులకు ఇట్టి ఆజ్ఞలు క్రొత్త కావు. "జి 00" అన్నచో పనిముట్టు కోయకుండ వేగముగా కదలును. "జి 01" అన్నచో కోయుచు తిన్నగా కదలును. అట్టి చిన్న చిన్న ఆజ్ఞలతోనే పెద్ద పని యంతయు సాగింపవలెనన్నచో ఎంత శ్రమయో వారికి బాగుగా తెలియును.

ఆ శ్రమను తగ్గించుటకే ప్రోగ్రాము భాషలు పుట్టినవి. మనుష్యునకు సులభముగా తెలియు రీతిని వ్రాసిన వాక్యములను కంపైలరు అను మరియొక ప్రోగ్రాము యంత్రభాషలోనికి మార్చును. ఐ.బి.ఎం. సంస్థలో జాన్ బాకస్ నాయకత్వమున తయారైన ఫోర్ట్రాన్ 1957లో వెలువడినది. వ్యాపార లెక్కల కొరకు ఏర్పడిన కోబాల్‌ను 1959లో ఒక సంఘము రూపొందింప నారంభించినది. సి భాష 1972 ప్రాంతమున బెల్ ప్రయోగశాలలో పుట్టినది. సి++ 1985లోను, పైథాన్ 1991లోను, జావా 1995లోను లోకమునకు అందినవి. ఇవి యన్నియు పనిముట్లు. ఇందులో ఏదియు తల్లి ఒడిలో నేర్చునట్టి భాష కాదు. ఈ భేదమును మొదటనే గుర్తించినచో సగము కలత తీరును.

2. భాష మారుటచే మొదట కలిగిన లాభము

ఫోర్ట్రాన్ ఎందుకు పుట్టినదో తెలిసికొన్నచో మన ప్రశ్నకు మొదటి సమాధానము దొరకును. ఆ కాలమున కంప్యూటరు మిక్కిలి ఖరీదైన యంత్రము. అయినను ఒక కేంద్రములో ప్రోగ్రాములు వ్రాయువారి జీతములు ఆ యంత్రపు వెలకు తక్కువ కాకుండెడివి. అదియుగాక యంత్రము పనిచేయు కాలములో నాల్గవ వంతు మొదలు సగము వరకు తప్పులు వెదకుటకే చెల్లిపోయెడిది. రెండును కలిపి చూచినచో మొత్తము ఖర్చులో నాలుగింట మూడు వంతుల దాక ప్రోగ్రాములు వ్రాయుటకు, దిద్దుటకు పోవుచుండెనని బాకస్ లెక్క చెప్పియున్నారు. యంత్రముల వెల తగ్గుకొలది ఈ వంతు ఇంకను పెరుగునని ఆయన గ్రహించిరి. భాషను మార్చుట మొదట ఖర్చును తగ్గించు ఉపాయముగనే పుట్టినదన్నమాట.

ఆ ఉపాయము ఫలించినది. ఐ.బి.ఎం. వారి పెద్ద వ్యవస్థ యొకదానిని నిర్మింపజేసిన ఫ్రెడరిక్ బ్రూక్స్ 1975లో ప్రకటించిన గ్రంథములో, తగిన ఉన్నతస్థాయి భాషను వాడినచో పని ఐదు రెట్ల వరకు పెరుగవచ్చునని తెలిపిరి. కారణము సులభము. మల్టిక్స్ అను వ్యవస్థపై పనిచేసిన కోర్బాటో అను శాస్త్రజ్ఞుని అనుభవమును బ్రూక్స్ అందు ఉదాహరించిరి. దాని ప్రకారము, ఒక మనిషి సంవత్సరములో వ్రాసి, దిద్ది, సరిచూడగల వాక్యముల సంఖ్య, భాష ఏదైనను, ఇంచుమించుగ ఒక్కటే. కాని ఒక భాషలోని వాక్యము యంత్రమునకు ఒక్క ఆజ్ఞతో సమానమైనచో, మరియొక భాషలోని వాక్యము పెక్కు ఆజ్ఞలతో సమానము. అదే సంఖ్యలో వాక్యములు వ్రాసి ఎక్కువ పని సాధింపవచ్చును.

కావున "భాష వలన ఖర్చు మారునా?" యను ప్రశ్నకు మొదటి సమాధానము "తప్పక మారును" అనియే. అయితే ఆ గొప్ప లాభము యంత్రభాషను విడిచి ఉన్నతస్థాయి భాషకు వచ్చినప్పుడు కలిగినది. నేడు కోర్సుల ప్రకటనలలో కనబడు భాషలన్నియు ఉన్నతస్థాయి భాషలే. వానిలో ఒకదానిని విడిచి మరియొకదానిని పట్టినచో మరల ఐదు రెట్లు లాభము వచ్చునా? అసలు విషయము ఇక్కడనే యున్నది.

3. ఒక చిన్న లెక్క

కృష్ణగిరి ప్రాంతమున మామిడితోట గల తల్లిదండ్రులు మాలో అనేకులు. తోటనుండి గుజ్జు ఫ్యాక్టరీకి కాయలు చేర్చుటలో కోయుట, ఏరుట, బుట్టల కెత్తుట, బండిపై తీసికొనిపోవుట, అచ్చట తూకము వేయించుట అను పనులు గలవు. ఎంత వేగముగల లారీని తెచ్చినను తగ్గునది దారిలో పోవు కాలము మాత్రమే. కోత కాలము తగ్గదు. తూకపు వరుస తగ్గదు.

సాఫ్టువేరు పనియు నిట్టిదే. బ్రూక్స్ తన అనుభవమును బట్టి ఒక పంపకమును సూచించిరి. మొత్తము కాలములో మూడవ వంతు ఆలోచనకును, ప్రణాళికకును. ఆరవ వంతు ప్రోగ్రాము వ్రాయుటకు. నాల్గవ వంతు భాగములను విడివిడిగా పరీక్షించుటకు. మిగిలిన నాల్గవ వంతు అన్నిటిని కూర్చి పరీక్షించుటకు.

ఒక పనికి 60 దినములు పట్టునని అనుకొందము. ఆలోచనకు 20, వ్రాతకు 10, విడి పరీక్షకు 15, కూర్పు పరీక్షకు 15 దినములు. క్రొత్త భాష వలన వ్రాత కాలము సగమైనచో మిగులునది 5 దినములు; అనగా పండ్రెండవ వంతు. దినమునకు 2,000 రూపాయల చొప్పున మొత్తము ఖర్చు 1,20,000 రూపాయలు. మిగులు 10,000 రూపాయలు. భాష సగము వేగము పెంచినదని విని ఖర్చు సగము తగ్గునని తలచువారు ఇక్కడనే మోసపోవుదురు.

అయితే మంచి భాష వ్రాతను మాత్రమే తగ్గింపదు. కొన్ని తప్పులను కంపైలరే పట్టి చూపును. అందువలన విడి పరీక్ష కూడ సగమైనదనుకొన్నచో మరి ఏడున్నర దినములు కలిసివచ్చును. మొత్తము పండ్రెండున్నర దినములు, 25,000 రూపాయలు. ఇది చిన్న మొత్తము కాదు. కాని ఆ భాషను క్రొత్తగా నేర్చుటకు 15 దినములు పట్టినచో, దాని ఖర్చు 30,000 రూపాయలు. మొదటి పనిలో 5,000 రూపాయల నష్టమే. రెండవ పని ముగియునప్పటికి 20,000 రూపాయల లాభము. కావున భాషను మార్చుట ఒక్క పనికి కాక, అట్టి పనులు వరుసగా గలవారికి లాభము.

ఈ రూపాయలును, ఈ దినములును లెక్క తెలియుటకు మేము కల్పించినవి. పంపకము మాత్రము బ్రూక్స్ చెప్పినది. ఆయన 1986లో వ్రాసిన మరియొక వ్యాసములో ఇదే భావమును విస్తరించిరి. పనిలోని కష్టము రెండు విధములు: పనిముట్టు వలన కలుగు కష్టమొకటి, విషయములోనే యున్న కష్టమొకటి. మొదటిదానిలో చాల భాగమును ఉన్నతస్థాయి భాషలు ఇదివరకే తొలగించినవి. రెండవదానిని ఏ భాషయు తొలగింపలేదు. కాబట్టి పది సంవత్సరములలో పనిని పది రెట్లు పెంచగల ఒక్క ఉపాయమేదియు రాదని ఆయన తీర్మానించిరి.

4. పరీక్షించి చూచినవారి మాట

ఊహలతో తృప్తిపడక కొలిచి చూచినవారును కలరు. జర్మనీ దేశస్థుడైన లుట్స్ ప్రెషెల్ట్ 2000 సంవత్సరములో ఒక పరిశీలనను ప్రకటించెను. టెలిఫోను సంఖ్యలను నిఘంటువులోని మాటలుగా మార్చు ఒకే సమస్యకు ఏడు భాషలలో వ్రాయబడిన 80 ప్రోగ్రాములను ఆయన పోల్చెను. సి, సి++, జావాలతో పోల్చగా పెర్ల్, పైథాన్, రెక్స్, టిక్ల్ భాషలలో వ్రాసినవారికి సగము కాలమే పట్టినది. ప్రోగ్రాము పొడవును సగమే. అయితే అవి సి, సి++ ప్రోగ్రాముల కంటె రమారమి రెండు రెట్లు జ్ఞాపకశక్తిని యంత్రములో ఆక్రమించినవి.

ఇంతవరకు భాష పక్షమున సాక్ష్యము. కాని ఆ పరిశీలనలోనే మరియొక సంగతి యున్నది. ఒకే భాషలో వ్రాసిన ఇద్దరి నడుమ గల భేదము, భాషకును భాషకును నడుమ గల సగటు భేదముకంటె పెద్దది. అదియుగాక పెర్ల్, పైథాన్ మొదలగువానిలో వ్రాసినవారు తమంతట ముందుకు వచ్చినవారు. తమకు పట్టిన కాలమును తామే చెప్పినవారు. ప్రెషెల్ట్ ఈ లోపమును దాచలేదు. మంచి పరిశోధకుని లక్షణమది.

2014లో అమెరికాలోని పరిశోధకులు కొందరు, అందరికిని తెరచియుంచిన 729 సాఫ్టువేరు పనులను, 17 భాషలలో వ్రాసినవానిని, పరిశీలించి భాషకును తప్పులకును కొంత సంబంధమున్నదనిరి. అదియు కొద్దిపాటిదే యనిరి. 2019లో మరియొక బృందమువారు ఆ లెక్కలను మరల చేసి చూచిరి. మొదటివారు సంబంధము గలదన్న 11 భాషలలో నాలుగింటికి మాత్రమే అది నిలిచినది. నిలిచినదియు మిక్కిలి స్వల్పము.

బారీ బోహెమ్ 1981లో ప్రకటించిన గ్రంథములోని లెక్క తల్లిదండ్రులు జ్ఞాపకముంచుకొనదగినది. ఆయన 63 పనుల ఖర్చులను పరిశీలించి, ఏ కారణము వలన ఖర్చు ఎంత మారునో ఒక పట్టిక వేసెను. పనివారికి ఆ భాషలో అనుభవమున్నదా లేదా యనుదాని వలన కలుగు భేదము 1.20 రెట్లు. పనివారి సామర్థ్యము వలన కలుగు భేదము 4.18 రెట్లు. చేయబోవు పని యొక్క చిక్కుదనము వలన 2.36 రెట్లు. భాషానుభవము వలన కలుగు భేదము ఆ పట్టికలో చిన్నవానిలో ఒకటి. మనిషి వలన కలుగునది అన్నిటికంటె పెద్దది. ఆడలేక మద్దెల ఓడన్నట్లు, పని చెడినప్పుడెల్ల భాషను నిందించుట సులభము. కాని లెక్కలు అట్లు చెప్పుట లేదు.

5. నడుపు ఖర్చు, నిలుపు ఖర్చు

వ్రాయు ఖర్చుతో కథ ముగియదు. వ్రాసిన ప్రోగ్రామును నడుపవలెను. చాల సంవత్సరములు నిలుపుకొనవలెను.

2017లో పోర్చుగల్ పరిశోధకులు చిన్న చిన్న లెక్కలను 27 భాషలలో నడిపి, పట్టిన విద్యుత్తును కొలిచిరి. ఆ లెక్కలలో సి భాషకు ఒక పాలు పట్టినచోట పైథానుకు ఇంచుమించు 76 పాళ్ళు పట్టినది. కాలమును 72 రెట్లు పట్టినది. ఇది విని భయపడ నక్కరలేదు. మా పాఠశాల మార్కుల పట్టిక సంవత్సరమునకు నాలుగుసార్లు నడచును. ఒక సెకండుకు బదులు ఒక నిమిషము పైబడి పట్టినను మాకు వచ్చు నష్టము లేదు. కాని కోట్లకొలది జనులు దినమెల్ల వాడు వ్యవస్థ సంగతి వేరు. ఫేస్‌బుక్ సంస్థ పి.హెచ్.పి. భాషలో తమ పనిని పెంచుకొనినది. వ్రాయుట త్వరగా సాగినది గాని నడుపుటకు యంత్రములు అధికముగా కావలసివచ్చినవి. అందుచేత పి.హెచ్.పి.ని సి++లోనికి మార్చు సాధనమును వారే తయారుచేసి 2010లో ప్రకటించిరి. దానివలన తమ సర్వర్లపై భారము సగటున సగము తగ్గినదని చెప్పిరి. వారు పనివారిని మార్చలేదు. వ్రాయు భాషను మార్చలేదు. క్రింద నడచు ఏర్పాటును మార్చిరి. ఏ ఎండకా గొడుగు పట్టవలెనను సామెతకు ఇది మంచి నిదర్శనము.

నిలుపు ఖర్చునకు కోబాల్ కథ చాలును. యంత్రములలో స్థలము కరవైన కాలమున సంవత్సరమును రెండంకెలతో వ్రాసిరి. 2000 సంవత్సరము సమీపించగా ఆ పాత ప్రోగ్రాములన్నిటిని దిద్దవలసివచ్చినది. ఆ పనియే మన దేశపు సాఫ్టువేరు సంస్థలకు పెద్ద ద్వారము తెరచినది. హైదరాబాదు అమీర్‌పేటలోని శిక్షణ కేంద్రములకు తెలుగు పల్లెలనుండి వేలకొలది యువకులు వచ్చి చేరిరి. దిద్దుబాటు ముగిసినది; ప్రకటనలపై కోబాల్ పోయి జావా వచ్చినది; దాని ప్రక్కన మరికొన్ని పేర్లు వచ్చినవి. ఒక్క పేరునే నమ్ముకొనినవారు చిక్కులో పడిరి. లెక్కను, క్రమమును, తప్పు వెదకు విద్యను నేర్చినవారు క్రొత్త భాషను పట్టుకొని నిలిచిరి.

అయితే కోబాల్ చచ్చినదా? లేదు. 2020 ఏప్రిల్ మాసమున, మహమ్మారి కాలమున, నిరుద్యోగ భృతి దరఖాస్తులు వెల్లువెత్తగా అమెరికాలోని న్యూజెర్సీ గవర్నరు కోబాల్ తెలిసినవారు ముందుకు రావలెనని బహిరంగముగా కోరవలసివచ్చెను. 60 సంవత్సరముల నాటి భాష! వ్రాసిననాడు చవుకయైనది, తెలిసినవారు దొరకని నాడు ఖరీదైనదగును. భాషను ఎన్నుకొనునప్పుడు "రేపు దీనిని దిద్దువారు దొరకుదురా?" యని అడుగుట ఇందుకే.

ఒకే భాషను అందరిపై రుద్దినచో ఖర్చు తగ్గునా యనియు చూచిరి. అమెరికా రక్షణశాఖలో 1970 దశకమున 450కి పైగా భాషలు వాడుకలో నుండెడివట. దానిని సరిచేయుటకు అడా యను భాషను తయారుచేయించి, 1983లో ప్రమాణముగా స్థిరపరచి, తరువాత నిర్బంధము చేసిరి. ఆ నిర్బంధమును 1997లో ఎత్తివేసిరి. అడా మంచి భాషయే. విమానములలో, రైళ్ళలో నేటికిని పనిచేయుచున్నది. కాని మంచి భాషయైనను ప్రతి పనికిని సరిపోదు.

భాష నిజముగా ఖర్చును, అపాయమును తగ్గించిన సందర్భమొకటి చెప్పకున్నచో న్యాయము కాదు. సి, సి++ భాషలలో వ్రాయువాడు యంత్రపు జ్ఞాపకస్థానములను తానే చూచుకొనవలెను. అందు పొరపాటైనచో దొంగలు చొరబడుటకు సందు దొరకును. తాము ఏటేట మూయుచున్న భద్రతా లోపములలో నూటికి 70 ఇట్టివే యని మైక్రోసాఫ్టువారు 2019లో తెలిపిరి. ఆండ్రాయిడ్ వ్యవస్థలో క్రొత్త భాగములను రస్ట్ మొదలగు సురక్షిత భాషలలో వ్రాయ మొదలిడగా, అట్టి లోపముల వంతు 2019లో నూటికి 76 ఉండి 2024 నాటికి 24కు దిగినదని గూగుల్ ప్రకటించినది. ఇక్కడ భాష పనివానిని తెలివిగలవానిగా చేయలేదు; ఒక జాతి తప్పును చేయుటకే వీలులేకుండ చేసినది. భాష వలన కలుగు నిజమైన లాభములలో ఇది ముఖ్యమని మా అభిప్రాయము.

6. ఇక మన పిల్లల సంగతి

పై విషయములన్నిటిని కూర్చి చూచినచో తేలునది యిది. భాష ఖర్చును మార్చును. కాని అది పనిని బట్టి, పనివానిని బట్టి, ఆ పని ఎన్నాళ్ళు నడువవలెనో దానిని బట్టి మార్చును. "అన్నిటికంటె మంచి భాష" యనునది లేదు.

తమిళనాడు ప్రభుత్వము 2018లో పదునొకండవ తరగతికి, 2019లో పండ్రెండవ తరగతికి వెలువరించిన కంప్యూటరు శాస్త్ర పాఠ్యపుస్తకములలో మొదటి ఏట సి++, రెండవ ఏట పైథాన్ చేర్చబడినవి. "ఒకటి నేర్చుకొనులోపల మరియొకటి యేల?" యని కొందరు తల్లిదండ్రులు మాతో అనిరి. మా దృష్టిలో ఇది మంచి ఏర్పాటు. రెండు భాషలు చూచినవానికి ఏది భాషలోని మాటయో, ఏది విషయములోని సారమో విడదీసి చూచు చూపు కలుగును. మన పిల్లలు ఇంట "నీళ్ళు" అని, బడి బయట "తణ్ణి" అని, బెంగుళూరు బస్సులో "నీరు" అని దాహము తీర్చుకొనుచున్నారు గదా! దాహ మొక్కటే, మాటలు వేరు. ఆ విద్య మన పిల్లలకు పుట్టుకతో వచ్చిన సొత్తు.

మరియొక సంగతి. ఈ భాషలకు వెల లేదు. పైథాన్, జావా, సి++ లలో ప్రోగ్రాములు వ్రాయుటకు కావలసిన సాధనములు ఉచితముగా దొరకును. మీరు చెల్లించు రుసుము భాషకు కాదు, నేర్పువాని కాలమునకు. కావున "ఏ భాష నేర్పుదురు?" అని గాక, "వారమునకు ఎన్ని గంటలు పిల్లవాడు స్వయముగా వ్రాయును? వాని తప్పులను ఎవరు కూర్చుండి చూపుదురు?" అని అడుగుడు. ఆ రెండు ప్రశ్నలకు సూటిగా సమాధానము రానిచోట ధనము చెల్లింపకుడు.

మాతృభాషకు ఇందు చోటున్నదా? ఉన్నది. 2008లో వచ్చిన పైథాన్ మూడవ రూపములో రాశుల పేర్లను తెలుగు లిపిలో వ్రాయవచ్చును. "మొత్తము", "సగటు", "మార్కులు" అను పేర్లతో బాలుడు తన ప్రోగ్రామును వ్రాసికొనవచ్చును. ఆజ్ఞల మాటలు మాత్రము ఇంగ్లీషులోనే యుండును. అంతకంటె ముఖ్యమైనది వ్రాయుటకు ముందు చేయు ఆలోచన. బ్రూక్స్ పంపకములో మూడవ వంతు అదే గదా! ఆ వంతును పిల్లవాడు తనకు బాగుగా వచ్చిన భాషలో, తెలుగులోనే, చేసికొనవచ్చును, చేసికొనవలెను కూడ. సమస్యను తన మాటలలో చెప్పలేనివాడు యంత్రమునకు చెప్పజాలడు.

నాటి చిత్తూరు జిల్లాలోని కాటూరులో 1937లో పుట్టిన రాజ్ రెడ్డిగారు మద్రాసు గిండీ కళాశాలలో చదివినది సివిల్ ఇంజనీరింగు. తరువాత కంప్యూటరు విద్యలో ప్రవేశించి, యంత్రము మనుష్యుని మాటను గ్రహించు విద్యలో పరిశ్రమ చేసి, 1994లో ట్యూరింగ్ బహుమానము పొందిరి. ఆ గౌరవము పొందిన మొదటి ఆసియావాసి ఆయనయే. ఆయన చదువుకొన్ననాటికి నేటి ప్రకటనలలోని భాషలలో ఒక్కటియు పుట్టలేదు.

7. ఇంట చేయదగిన అభ్యాసము

ఈ పాఠమును తల్లిదండ్రులు తమ పిల్లలతో స్వయముగా పరీక్షింపవచ్చును. కంప్యూటరు తెలియనివారును చేయవచ్చును. ఒక గడియారమును, ఒక కాగితమును చాలును.

(1) అయిదు పాఠ్యాంశముల మార్కులు తీసికొని మొత్తము, సగటు కట్టి, ఏ ఒక్కదానిలోనైన 35కు తక్కువ వచ్చినచో తెలుపు ప్రోగ్రామును వ్రాయుమని పిల్లవానికి చెప్పుడు.

(2) మొదట దానిని మెట్లుమెట్లుగా తెలుగులో కాగితముపై వ్రాయింపుడు. పట్టిన నిమిషములు గుర్తింపుడు.

(3) తరువాత వానికి వచ్చిన భాషలో వ్రాయుటకు, తప్పులు దిద్దుటకు, వేరువేరు మార్కులతో సరిచూచుటకు పట్టిన నిమిషములను విడివిడిగా గుర్తింపుడు.

(4) ఒక వారము తరువాత అదే పనిని రెండవ భాషలో చేయింపుడు. ఏ వంతు తగ్గినదో, ఏ వంతు తగ్గలేదో చూడుడు. రెండవసారి ఆలోచన ముందే సిద్ధముగా నుండును గనుక ఆ లాభమును భాషకు జమకట్టరాదని మరువకుడు.

ఆ కాగితములను మాకు పంపినచో తరగతిలో అందరియెదుట పోల్చి చూపుదుము.

సమావేశమున ప్రశ్నించిన తల్లికి ఆనాడు చెప్పలేని సమాధానమును ఈ సంచిక మూలమున చెప్పుచున్నాము. అమ్మా, మీవాడికి బడిలో చెప్పుచున్న భాష చాలును. దానిని వాడు చక్కగా నేర్చి, ఒక్క పనిని మొదటినుండి తుదివరకు తానే ముగించిన పిమ్మట రెండవ భాష తానుగా వచ్చును. ఒక పేరు కొరకు గాజులు కుదువ పెట్టవలదు. సాయంకాలము ఒక గంట వాడు కూర్చుండి వ్రాయుచున్నాడో లేదో చూచుకొనుడు. సందేహము కలిగిననాడు మా యొద్దకు పంపుడు. పాఠశాల కంప్యూటరు గది తలుపులు వానికొరకు తెరచియుండును.